దేవుడు కొట్టేసిన అప్పు, మనుషులకు తీర్చవలసిన అప్పు: అపరాధ భారం నుండి బయటపడే దారి

క్రీస్తు తన పాపాలను కడిగేశాడని ఆదివారం గొంతెత్తి పాడి, మిగతా ఆరు రోజులూ అదే పాపానికి తనను తాను శిక్షించుకునే విశ్వాసులు మన సంఘాల్లో ఎంతోమంది ఉన్నారు. వారికి వాక్యం తెలియక కాదు. 1 యోహాను 1:9 కంఠతా వచ్చు. ప్రసంగం వింటున్నంతసేపూ తల ఊపుతారు. రాత్రి దీపం ఆర్పాక మాత్రం పాత సంగతి లేచి కూర్చుంటుంది.

ఈ మార్గదర్శి వారి కోసం. ముఖ్యంగా గుంటూరు నుండో, నెల్లూరు నుండో, అనంతపురం నుండో ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, మారతహళ్లిలోనో కె.ఆర్.పురంలోనో పీజీ గదిలో ఉంటూ, లోపలి మాట చెప్పుకోవడానికి తెలిసిన ముఖం ఒక్కటీ దొరకని వారి కోసం. ఊళ్లో అయితే మనం తప్పు చేసిన సంగతి నాలుగు రోజుల్లో పాస్టరుగారి దాకా వెళుతుంది. తల దించుకుంటాం, ఏడుస్తాం, ఎవరో ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి మాట్లాడతాడు. ఇక్కడ తప్పు చేసినా ఎవరికీ తెలియదు, పశ్చాత్తాపపడినా ఎవరికీ తెలియదు. అందుకే ఈ నగరంలో అపరాధ భావం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది.

ఇటువంటి వారి పక్కన కూర్చుని వింటూ వచ్చిన నాకు ఒక సంగతి బలంగా అనిపిస్తుంది. మనం చేసిన చాలా తప్పుల్లో రెండు అప్పులుంటాయి. ఒకటి దేవునికి, రెండోది మనుషులకు. దేవునికి పడిన అప్పు మనం తీర్చలేనిది. మనకు విరోధంగా ఉన్న ఆ పత్రాన్ని క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి కొట్టివేశాడని కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14 చెబుతుంది. మనుషులకు పడిన అప్పు చాలావరకు మనం తీర్చగలిగినది, తీర్చవలసినది. మనం దీన్ని తలకిందులు చేస్తాం. దేవునికి కన్నీళ్లతో, ఉపవాసాలతో, కానుకలతో, నిద్రలేని రాత్రులతో వాయిదాలు కడుతూ ఉంటాం. మనుషుల దగ్గరకు మాత్రం వెళ్లం. ఎంత ప్రార్థించినా మనసు తేలికపడకపోవడానికి కారణం తరచుగా ఇదే. కింద చెప్పే అడుగులన్నీ ఈ రెండు అప్పులను విడదీయడానికే.

1. మోస్తున్నది ఏమిటో ముందు తేల్చుకోండి

ఒక కాగితం తీసుకోండి. ఫోనులో వద్దు, ఎందుకంటే ఈ కాగితాన్ని తర్వాత చింపేయాలి. మిమ్మల్ని వేధిస్తున్న సంగతిని రెండు మూడు వాక్యాల్లో రాయండి. "నేను చెడ్డవాణ్ణి", "నేను దేనికీ పనికిరాను" అని రాయకండి. అవి మీ మీద మీరు చెప్పుకున్న తీర్పులు. జరిగిన పని రాయండి: ఎవరికి, ఏం చేశారు, దానివల్ల వారికి ఏమైంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏళ్లుగా మోస్తున్నదానికి ఆకారం లేదని అప్పుడే తెలుస్తుంది.

రాశాక నిదానంగా చదివి, అది పాపమా, పొరపాటా, దుఃఖమా, లేక ఇతరులు మీ మీద వేసిన సిగ్గా అని అడగండి.

పాపమైతే మనసుకు వెంటనే తెలుస్తుంది. చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బును బెట్టింగ్ యాప్‌లో పోగొట్టడం, లేని అనుభవాన్ని ఉన్నట్టు చూపించే సర్టిఫికెట్టుతో ఉద్యోగం సంపాదించడం, భార్యకు తెలియకుండా మరో సంబంధం నడపడం, తోటి ఉద్యోగి మీదకు తన తప్పు నెట్టడం. తప్పని తెలిసీ చేసిన పనులు ఇవి. మిగతా అడుగులు ముఖ్యంగా వీటి కోసమే.

పొరపాటు వేరు. అప్పటికి ఉన్న తెలివితో, మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టడం పాపం కాదు. దానికి కావలసింది నేర్చుకోవడం. అంతకు మించి దాన్ని తవ్వకండి.

దుఃఖం గురించి కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఊరు వదిలి వచ్చిన వారిలో అపరాధ భావం పేరుతో నడిచేది ఎక్కువగా ఇదే. అమ్మకు బాగోలేదని ఫోను వస్తుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని, సెలవు అడిగి, కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని ఊరు చేరేసరికి భూస్థాపన అయిపోయి ఉంటుంది. "నేను అక్కడ ఉండి ఉంటే" అనే మాట అప్పటి నుండి వదలదు. ఆ మాటను యోహాను సువార్త 11వ అధ్యాయంలో మార్త ఒకసారి, మరియ ఒకసారి యేసుతోనే అన్నారు: ప్రభువా, నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. ఆయన వారిని గద్దించలేదు, కన్నీళ్లు విడిచాడు. మీ మాట అదే అయితే మీరు అడగవలసింది క్షమాపణ కాదు, ఓదార్పు. ఏడవండి. అమ్మ గురించి ఎవరితోనైనా మాట్లాడండి. అయితే ఆ దుఃఖంలో ఒక చిన్న ముక్క నిజంగా పాపమై ఉండవచ్చు. చివరి ఆరు నెలలు ఆస్తి గొడవతో ఫోను ఎత్తకపోవడం వంటిది. ఆ ముక్కను వేరుచేసి కాగితం మీద రాయండి. మొత్తం మరణాన్ని మీ ఖాతాలో వేసుకోకండి.

ఇక సిగ్గు. చిన్నతనంలో మీ మీద అత్యాచారం జరిగి ఉంటే, భర్త కొడుతుంటే అది మీ వల్లే అని ఇంట్లో వారు అని ఉంటే, మీరు ఒప్పుకోవలసినది ఏమీ లేదు. పాపం చేసిన వారిది. సంఘంలో ఎవరైనా, వారు కాపరి అయినా సరే, క్షమించి మౌనంగా ఉండమని మీకు చెబితే ఆ మాట వినకండి. మహిళల సహాయ నంబరు 181 ఉంది. నమ్మకమైన ఒకరికి చెప్పి, వారిని వెంటబెట్టుకుని ముందుకు వెళ్లండి. ఇంట్లో వారి ఒత్తిడికి లొంగి గర్భస్రావం చేయించుకున్న ఆడవారు కూడా మొత్తం నేరాన్ని తమ తల మీదే పెట్టుకుంటారు. మీ వాటా ఎంతో అంతే దేవుని ముందు పెట్టండి. బలవంతం చేసిన వారి వాటాకు లెక్క చెప్పవలసినది వారు.

2. దేవునితో పేరు పెట్టి చెప్పండి, ఒకసారి చెప్పండి

"మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." 1 యోహాను 1:9లోని ఈ వచనంలో మన వంతుగా ఉన్న పని ఒకటే, ఒప్పుకోవడం. "ఏవైనా పాపాలు చేసి ఉంటే క్షమించు" అనే గంపగుత్త ప్రార్థన ఆ పని చేయదు. దావీదు రాజు బత్షెబతో పాపం చేసి, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు. నాతాను ప్రవక్త వేలు చూపినప్పుడు దావీదు ఊరియాను గాని, బత్షెబను గాని, యుద్ధాన్ని గాని అడ్డం పెట్టుకోలేదు. నేను పాపం చేశానన్నాడు.

అరగంట ఒంటరిగా ఉండగలిగే చోటు వెతకండి. నలుగురు పంచుకునే గదిలో ఇది కుదరదు. తెల్లవారుజామున లాల్‌బాగ్‌లో ఒక చెట్టు కింద, పని దినాల్లో కబ్బన్ పార్కు బెంచీ మీద, ఆరాధన లేని వేళ ఖాళీగా ఉన్న చర్చిలో కూర్చోవచ్చు. నోటితో చెప్పండి, మెల్లగానైనా సరే. వారమంతా ఇంగ్లీషు ఆరాధనకు వెళ్లేవారు కూడా ఈ ఒక్క ప్రార్థన తెలుగులో చేయండి. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ఏ భాషలో ఏడ్చామో ఆ భాషలో దాచుకోవడం కష్టం.

గ్రాంథిక భాష అవసరం లేదు. ఇలా చెప్పినా చాలు: "తండ్రీ, చెల్లి పెళ్లి డబ్బు రెండు లక్షలు నేను ఆటలో పోగొట్టాను. బ్యాంకులో ఇరుక్కుందని అబద్ధం చెప్పాను. నాన్న వడ్డీకి తెచ్చాడు. ఇది నేను చేశాను. ఎవరూ చేయించలేదు. యేసు రక్తాన్ని బట్టి నన్ను క్షమించు."

అక్కడితో ఆగండి. షరతులు, మొక్కులు, "మళ్ళీ చేస్తే నన్ను కొట్టు" వంటి ఒప్పందాలు కలపకండి. లూకా 15లో చిన్న కుమారుడు పందుల దగ్గర కూర్చుని మూడు ముక్కల మాట సిద్ధం చేసుకుంటాడు: పాపం చేశాను, కుమారుడనని అనిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను, నన్ను కూలివారిలో ఒకనిగా పెట్టుకో. తండ్రి ముందు మొదటి రెండే బయటికి వస్తాయి. మూడోది చెప్పకముందే తండ్రి ప్రశస్త వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. మన ప్రార్థనల్లో చాలావరకు ఆ మూడో ముక్కే ఉంటుంది. పని చేసి తీర్చుకుంటాను, నన్ను కొడుకుగా మాత్రం చూడకు అని. దాన్ని వినడానికి ఆయన సిద్ధంగా లేడు.

ఒప్పుకున్న పాపాన్ని రేపు మళ్ళీ కొత్తగా ఒప్పుకోకండి. రేపు గుర్తొస్తే కృతజ్ఞత చెప్పండి. "నిన్న నన్ను క్షమించావు, వందనాలు" అనండి. మొదట్లో నాలుక తడబడుతుంది, ఎందుకంటే బతిమాలడానికి అలవాటుపడి ఉంటాం.

3. క్షమాపణను అందుకోండి

చాలామంది తడబడేది ఇక్కడ. ఒప్పుకున్నాక ఏదో అనుభూతి రావాలని ఎదురుచూస్తారు. ఛాతీ మీద బరువు దిగాలి, కన్నీళ్లు రావాలి, ఉజ్జీవ సభల్లో సాక్ష్యం చెప్పేవారికి కలిగినట్టు వెలుగేదో కనబడాలి. రాకపోతే దేవుడు క్షమించలేదని లెక్క. ఆ వచనాన్ని మళ్ళీ చదవండి. క్షమాపణకు ఆధారంగా చూపినది ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు అన్న సంగతి. మీ మనసు స్థితి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. బెంగళూరు వానాకాలంలో మూడు రోజులు సూర్యుడు కనబడకపోయినా పగలు పగలే కదా.

పేతురు, ఇస్కరియోతు యూదా ఇద్దరూ ఒకే రాత్రి ప్రభువును విడిచిపెట్టారు. యూదాను మనం పశ్చాత్తాపం లేని వాడిగా చూస్తాం, మత్తయి 27 అలా చెప్పదు. అతడు పశ్చాత్తాపపడ్డాడు. 30 వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. అయితే ఎవరి దగ్గర? ఆ నేరం చేయించిన ప్రధాన యాజకుల దగ్గర. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు వారు. అపరాధ భావం మనతో మాట్లాడేది సరిగ్గా ఆ గొంతుతోనే: నీవే చూసుకో. యూదా ఆ మాట మోసుకుని ఒంటరిగా వెళ్లిపోయాడు.

పేతురు కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. అయితే మిగతా శిష్యుల మధ్యకు తిరిగి వచ్చాడు. సమాధి దగ్గర దూత ఇచ్చిన కబురు మార్కు 16:7లో చూడండి. శిష్యులతోను, పేతురుతోను చెప్పమని ఉంది. ఆ ఒక్క పేరే ప్రత్యేకంగా. తర్వాత గలిలయ ఒడ్డున యేసు బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టాడు. పేతురు ప్రభువును ఎరగనన్నది కూడా ప్రధాన యాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గరే. యేసు "ఎందుకు అలా అన్నావు" అని అడగలేదు. భోజనం పెట్టాక, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ గొర్రెల్ని అప్పగించాడు. మూడోసారి అడిగినందుకు పేతురు నొచ్చుకున్నాడని కూడా యోహాను రాశాడు. క్షమాపణ అందుకోవడం కొన్నిసార్లు నొప్పిగానే ఉంటుంది. నొప్పి ఉన్నంత మాత్రాన అది క్షమాపణ కాకుండా పోదు.

"దేవుడు క్షమించాడు కానీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అనే మాట ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. ఆ మాట అనేవారి బాధ నిజమైనదే. అయితే తనను తాను క్షమించుకోమని బైబిలు ఎవరికీ ఆజ్ఞాపించలేదు. తనకు తాను తీర్పు తీర్చుకోనని, తీర్పు తీర్చేవాడు ప్రభువేనని పౌలు 1 కొరింథీయులకు 4వ అధ్యాయంలో రాస్తాడు. మన కేసులో మనం న్యాయమూర్తులం కాము. పై కోర్టు విడుదల చేసినవాడిని కింది కోర్టు లోపల ఉంచలేదు. కాబట్టి తమను తాము క్షమించుకోవాలనే పనిని దించేయమనే నేను చెబుతాను. తీర్పు చెప్పే కుర్చీలో నుండి లేవండి, చాలు.

ఈ అడుగులో చేతితో చేయవలసిన పని కూడా ఉంది. ఆ కాగితం మీద రాసినదాని కింద 1 యోహాను 1:9ను చేతిరాతతో రాయండి. "మన" అన్నచోట మీ పేరు పెట్టి బిగ్గరగా చదవండి. మనుషులకు బాకీ ఉన్న సంగతులు ఏవైనా ఉంటే వేరే కాగితం మీదకు ఎక్కించుకుని, మొదటిదాన్ని చింపేయండి.

4. మరొక మనిషి చెవిన వేయండి

ప్రతి పాపాన్నీ అందరి ముందూ చెప్పనవసరం లేదు. అయితే ఒకరికైనా చెప్పుకోమని యాకోబు 5:16 అంటుంది. మీరు క్షమించబడ్డారని మరొకరి నోట వినడంలో ఒక బలముంది, ఒంటరిగా ఎంత చదివినా అది రాదు.

ఎవరికి చెప్పాలన్నది జాగ్రత్తగా తేల్చుకోండి. మన సంఘాల్లో ఒక జబ్బు ఉంది. ఒకరి రహస్యం "ప్రార్థన అంశం" పేరుతో మరునాటికి మహిళా కూడికలో తిరుగుతుంది, సాయంత్రానికి వాట్సాప్ గుంపులో ఉంటుంది. అందుకే, మీ దగ్గర ఇతరుల సంగతులు ఎప్పుడూ ఎత్తని మనిషిని చూసుకోండి. మీకంటే వయసులోనో విశ్వాసంలోనో ముందున్నవారు, ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు అయితే మేలు. మీ ఉద్యోగం, ఇల్లు, పెళ్లి సంబంధం వారి చేతిలో ఉండకూడదు. మొదట ఒక చిన్న సంగతి చెప్పి చూడండి. అది బయటికి రాకపోతే పెద్దది చెప్పండి.

విన్న తర్వాత కానుక కట్టమనో, ప్రత్యేక ప్రార్థనకు ఇంత ఇవ్వమనో, ఇది వంశ శాపం కాబట్టి విడిపించాలనో ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. క్రీస్తు ఉచితంగా ఇచ్చినదానికి టోల్ గేటు పెట్టే అధికారం ఎవరికీ లేదు.

కతోలిక విశ్వాసులకు పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు (పాదిరి) దగ్గర పాపాలు ఒప్పుకోవడం. గురువు విన్నదాన్ని ఏ పరిస్థితిలోనూ బయటపెట్టకూడదని కతోలిక సంఘ చట్టం కట్టడి చేస్తుంది. శివాజీనగర్‌లోని మేరీమాత బసిలికాకో, వివేక్‌నగర్‌లోని బాలయేసు పుణ్యక్షేత్రానికో వెళ్లేవారు తెలుగు తెలిసిన గురువు ఉన్నారా అని ముందే అడిగి వెళ్లండి. గురువు పాపవిమోచన మాటలు పలికాక అక్కడితో ముగిసింది. అదే పాపాన్ని మరో గురువు దగ్గర, మరో వారం మళ్ళీ చెప్పకండి.

5. మనుషుల బాకీ తీర్చండి

ఇప్పుడు ఆ రెండో కాగితం తీయండి.

లేవీయకాండము 6వ అధ్యాయం ఈ విషయంలో ఎంతో సూటిగా ఉంటుంది. పొరుగువాణ్ణి మోసగించి తీసుకున్నవాడు అసలు ఇచ్చి, దానికి ఐదో వంతు కలిపి చెల్లించాలి. ₹50,000 తీసుకుంటే ₹60,000. యాజకుని దగ్గరకు బలి తెచ్చే సంగతి ఆ తర్వాతి వచనంలో వస్తుంది. మత్తయి 5లో యేసు కూడా అదే వరుస చెబుతాడు. అర్పణ బలిపీఠం ముందే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడు. అన్యాయంగా తీసుకున్నదానికి సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, సగం ఆస్తి బీదలకు ఇస్తానన్నాడు. ఆ మాట అన్నది యేసు తన ఇంటికి వచ్చిన తర్వాతే. రక్షణ కొనుక్కోవడానికి జక్కయ్య డబ్బు ఇవ్వలేదు. క్షమాపణ దొరికింది కాబట్టి చేయి తెరుచుకుంది.

డబ్బు సంగతైతే దారి తేలిక, నడవడమే కష్టం. నిజం చెప్పండి. ఒకేసారి తీర్చలేకపోతే నెలకు ఇంత అని రాసి ఇవ్వండి. పెళ్లి డబ్బు పోగొట్టిన అన్నయ్య చెల్లెలి దగ్గర కూర్చుని, "అమ్మా, బ్యాంకు మాట అబద్ధం. నేనే పోగొట్టాను. నెలకు పది వేలు చొప్పున కడతాను" అనాలి. బామ్మర్ది ముందు, పెద్దమనుషుల ముందు పెట్టకుండా ముందు ఆమెతోనే. ఆమె ఏడిస్తే ఆపకండి. "నేను దేవుని దగ్గర క్షమాపణ పొందాను" అనే మాట ఆ గదిలో ఎత్తకండి. అది ఆమె నోరు మూయించడం అవుతుంది.

దొంగ అనుభవ సర్టిఫికెట్టు సంగతి ఈ నగరంలో మన తెలుగువారిలో ఎందరో మోస్తున్నదే. దీనికి అందరికీ సరిపడే ఒకే జవాబు నేను ఇవ్వలేను. నా అభిప్రాయం ఇది. దేవుని క్షమాపణ ఇప్పుడే ఉంది, ఉద్యోగం మానేసేదాకా అది ఆగదు. కానీ అబద్ధం కొనసాగకూడదు. తర్వాతి ఉద్యోగానికి రాసే వివరాల్లో నిజమే ఉండాలి, దానివల్ల జీతం తగ్గినా సరే. కంపెనీ నేరుగా అడిగితే కొత్త అబద్ధం చెప్పకూడదు. మీరే వెళ్లి చెప్పాలా వద్దా అన్నది వకీలుతో, మీ మీద ఆధారపడిన ఇంటివారితో, నమ్మకమైన కాపరితో మాట్లాడి నిర్ణయించుకోండి. ఉద్యోగం పోవచ్చు. దావీదుతో నాతాను, నీ పాపం దేవుడు తీసివేశాడు, నీవు చావవు అన్నాడు. అయినా దావీదు ఇంట్లో జరిగిన నష్టాలు ఆగలేదు. పర్యవసానం వచ్చిందంటే దేవుడు క్షమించలేదని అర్థం చేసుకోకండి. మీ తప్పుకు మరొకరు శిక్ష అనుభవిస్తుంటే మాత్రం ఆలోచించే వ్యవధి లేదు. వకీలును తీసుకుని వెళ్లి నిజం చెప్పండి.

క్షమాపణ అడగకూడని సందర్భాలూ ఉన్నాయి. మీ పాత సంబంధం తాలూకు వ్యక్తి ఇప్పుడు వేరే కాపురంలో ఉంటే, మీ మనశ్శాంతి కోసం ఫోను చేసి ఆ ఇంట్లో నిప్పు పెట్టకండి. మీరు భయపెట్టిన, కొట్టిన మనిషి మీరు తనకు ఎదురు రావద్దని అంటే, దూరంగా ఉండటమే మీరు చెల్లించే బాకీ. కట్టుకున్న మనిషికి ద్రోహం చేసిన సంగతి వేరు. దాన్ని చెప్పవలసిందే అని నేను నమ్ముతాను, అయితే ఎలా, ఎప్పుడు అన్నది ఒక మంచి కౌన్సిలరు సాయంతో.

ఆ మనిషి చనిపోయి ఉంటే? డబ్బైతే వారసులకు ఇవ్వండి. సంఖ్యాకాండము 5వ అధ్యాయం దగ్గరి బంధువు లేనప్పుడు ఏం చేయాలో కూడా చెప్పింది. మాటతో చేసిన గాయమైతే, వారు ఎవరి కోసం బతికారో వారికి చేయగలిగినది చేయండి.

వారు క్షమించకపోవచ్చు. అడగడం మీ బాధ్యత, ఇవ్వడం వారి హక్కు, అదీ వారికి కావలసినంత సమయం తీసుకుని. మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు వంద దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఆ ఉపమానాన్ని మీకు బాకీ ఉన్న మనుషుల వైపు తిరిగి చదువుకోండి. మీరు గాయపరిచిన మనిషికి దాన్ని చదివి వినిపించకండి.

6. బల్ల దగ్గరకు రండి

అనేక తెలుగు సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉంటుంది. అపరాధ భావంతో ఉన్నవారు ఆ రోజు ఆలస్యంగా వస్తారు, లేదా ప్రసంగం అయ్యాక లేచి వెళతారు. 1 కొరింథీయులకు 11లోని "అయోగ్యముగా" అన్న హెచ్చరిక వారిని పట్టుకుంటుంది. పౌలు ఆ మాట రాసిన సందర్భం చూడండి. కొరింథులో ఉన్నవారు ముందే తిని తాగేస్తే లేనివారు ఆకలితో మిగిలిపోయారు. ఆ తీరునే ఆయన గద్దించాడు. పైగా 28వ వచనం, ప్రతివాడు తన్ను పరీక్షించుకుని, ఆలాగు చేసి ఆ రొట్టె తినాలని చెబుతుంది. పరీక్షించుకుని ఇంటికి వెళ్లిపోమని లేదు. పాపంలో కొనసాగాలని నిర్ణయించుకున్నవాడు ఆగాలి. ఒప్పుకున్నవాడు రావాలి. బాకీ తీర్చే పని ఇంకా సగంలో ఉన్నా రండి. ఆ రొట్టె పాపులకే విరిచి ఇచ్చాడు.

7. మళ్ళీ వచ్చినప్పుడు

వస్తుంది. క్రిస్మస్ రాత్రి, ఆ మనిషి ఊరి పేరు బస్సు మీద కనబడినప్పుడు, ఏ కారణమూ లేకుండా కూడా. కొత్త పాపం గుర్తుకు వస్తే కొత్తగా ఒప్పుకోండి. పాతదే అయితే దానితో వాదానికి దిగకండి, రోమా 8:1 చదివి, లేచి నీళ్లు తాగి, చేయవలసిన పని చేయండి. పరిశుద్ధాత్మ ఒప్పించినప్పుడు ఒక నిర్దిష్టమైన పాపమూ, దాని నుండి బయటికి ఒక దారీ కనబడతాయి. "నీవింతే, నీకు ఇక లేదు" అని మాత్రమే వినబడితే అది ఆయన స్వరం కాదు. 2 కొరింథీయులకు 7:10 ఈ రెండు రకాల దుఃఖాలనూ విడదీసి చూపిస్తుంది.

"క్షమించబడని పాపం చేశానేమో" అని భయపడేవారు మార్కు 3వ అధ్యాయం తీయండి. శాస్త్రులు యేసు చేసిన పని కళ్లారా చూసి, అది దయ్యాల అధిపతి బయెల్జెబూలు పని అన్నారు. వెలుగును చీకటి అని పిలిచి దాని మీదే నిలబడినవారి గురించి ఆ మాట. అలా నిలబడినవాడికి క్షమాపణ కావాలనిపించదు. మీకు కావాలనిపిస్తున్నదంటే మీరు ఆ గుంపులో లేరు.

కొందరిలో మాత్రం ఈ భయం వాక్యంతో తగ్గదు. ఒకే పాపాన్ని రోజుకు ఇరవైసార్లు ఒప్పుకుంటారు, ప్రార్థన సరిగ్గా పలకలేదని మొదటి నుండి మళ్ళీ మొదలుపెడతారు, దైవదూషణ మాటలు వద్దన్నా మనసులోకి వస్తున్నాయని వణికిపోతారు. 1505లో ఎర్ఫర్ట్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్ కూడా గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ఆయన గురువు స్టౌపిట్జ్ విసిగిపోయినా వదలకుండా, క్రీస్తు గాయాల వైపు చూడమని చెప్పేవాడు. ఇవాళ దానికి వైద్యం కూడా ఉంది. ఇది ఓసీడీ అనే వ్యాధి రూపం కావచ్చు, అది విశ్వాసంలో లోపం కాదు. హోసూరు రోడ్డులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక క్లినిక్ ఉంది. బతకాలని లేదనిపిస్తే ఆ రాత్రే మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ ఇది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని చెప్పేవారి మాటను పట్టించుకోకండి. లూకా వైద్యుడే.

జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోవాలని కోరుకోకండి. తాను సంఘాన్ని హింసించిన సంగతిని పౌలు చివరిదాకా మరవలేదు. అపొస్తలుల్లో తక్కువవాడినని చెప్పి, ఆ వెంటనే దేవుని కృప వల్లే నేనిలా ఉన్నానన్నాడు. జాన్ న్యూటన్ బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్‌గా చేసి, 1754లో సముద్రం వదిలాడు, 1764లో పాదిరి అయ్యాడు. క్షమాపణ గురించి జీవితమంతా బోధించాడు. అయినా 1788లో, ఓడ దిగిన 34 ఏళ్లకు, ఆ వ్యాపారంలో తాను చూసినదీ చేసినదీ కరపత్రంగా అచ్చు వేయించాడు. 1807లో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించిన తర్వాత, అదే ఏడాది చివరలో చనిపోయాడు. క్షమించబడిన మనిషి తన తప్పును గాయపడినవారి మేలు కోసం బయటపెట్టగలడు.

మీ సంఘం మిమ్మల్ని సాక్ష్యం చెప్పమని అడిగే రోజు రావచ్చు. తొందరపడకండి. బాకీ తీర్చడం మొదలుపెట్టకముందు వేదిక ఎక్కకండి. మీ కథలో గాయపడిన మనిషి ఎవరో వినేవారు పోల్చుకునేలా ఉంటే, ముందు వారిని అడగండి. చెల్లెలు వద్దంటే చెప్పకండి. సరేనంటే, ఆమెకు ఇబ్బంది లేని మేరకు చెప్పి, మైకు తిరిగి ఇచ్చేయండి.